వర్చువల్ మెషీన్ స్టార్ట్ కావట్లేదా? లినక్స్ ఫార్మాట్ కొట్టే ముందు లైబ్రరీ వెర్షన్లు చూడండి

లినక్స్‌లో వర్చువల్ మెషీన్లు వాడేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఎర్రర్ ఇది. టెర్మినల్‌లో వర్ష్ లిస్ట్ అని కొడితే మెషీన్ల లిస్టు రావాలి. దాని బదులు "లిబ్‌వర్ట్ ప్రైవేట్ 8.0.0 వెర్షన్ నాట్ ఫౌండ్, రిక్వైర్డ్ బై వర్ష్" అని ఒక్క లైన్ వచ్చి ఆగిపోతుంది. వర్ట్-మేనేజర్ ఓపెన్ చేస్తే అది కనెక్ట్ కాదు. ఇక చాలామంది చేసే మొదటి పని లినక్స్ మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం.

అదే వద్దంటున్నా. ఈ ఎర్రర్ వచ్చినప్పుడు మీ వర్చువల్ మెషీన్ పాడవలేదు. దాన్ని నడిపే టూల్‌కి, ఆ టూల్ వాడే లైబ్రరీకి మధ్య లెక్క కుదరలేదు, అంతే. మెషీన్ డిస్క్ ఫైల్ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ఫార్మాట్ కొడితే మాత్రం నిజంగానే పోతుంది.

పైగా ఖర్చు చూడండి. ఉబుంటు 24.04 ఐఎస్ఓ ఒక్కటే దాదాపు 6 జీబీ. మల్యాలలో నాకు తెలిసిన పిల్లల్లో చాలామందికి నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే, రోజుకు 2 జీబీ ప్యాక్. అంటే మూడు రోజుల డేటా డౌన్‌లోడ్‌కే అయిపోతుంది. ఆ తర్వాత అప్‌డేట్లు వేరే.

అసలు ఎవరు ఎవరిని అడుగుతున్నారు?

మనం మామూలుగా "కేవీఎం వాడుతున్నా" అంటాం కానీ లోపల చాలా పొరలున్నాయి. కింద కెర్నల్‌లో కేవీఎం. అది 2.6.20 వెర్షన్‌తో 2007 ఫిబ్రవరిలో లినక్స్‌లోకి వచ్చింది. (కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ మొదలైంది కూడా ఆ ఏడాదే. ఇద్దరిదీ ఒకటే వయసు!) దాని పైన క్యూఈఎంయూ, అంటే డిస్కు, నెట్‌వర్క్ కార్డు లాంటి హార్డ్‌వేర్ ఉన్నట్టు నటించే ప్రోగ్రాం. ఆ పైన లిబ్‌వర్ట్, వీటన్నిటికీ మేనేజర్. వర్ష్, వర్ట్-మేనేజర్ రెండూ మాట్లాడేది లిబ్‌వర్ట్‌తోనే. ఎర్రర్ పుట్టేది కూడా ఎక్కువగా ఈ పొరలోనే.

లిబ్‌వర్ట్ లైబ్రరీ ఫైల్ పేరు చివర "డాట్ ఎస్ఓ డాట్ 0" అని ఉంటుంది. ఇన్నేళ్లలో ఆ సున్నా మారలేదు. పాత ప్రోగ్రాంలు కొత్త లైబ్రరీతో కూడా నడవాలని వాళ్లు పెట్టుకున్న నియమం అది. బయటి ప్రోగ్రాంలు వాడే ఫంక్షన్ల వరకు అది బాగానే పనిచేస్తుంది. కానీ లిబ్‌వర్ట్ సొంత టూల్స్ కొన్ని లోపలి ఫంక్షన్లు కూడా వాడతాయి. వాటికి "ప్రైవేట్" అనే లేబుల్ పక్కన ఆ రిలీజ్ నంబర్ ఉంటుంది. అందుకే 8.0.0 తో వచ్చిన వర్ష్‌కి 8.0.0 లైబ్రరీయే కావాలి. 10.0.0 ఇచ్చినా వద్దంటుంది, 6.0.0 ఇచ్చినా వద్దంటుంది. కొత్తది కదా, పనిచేయాలి కదా అనే లాజిక్ ఇక్కడ నడవదు.

ఉబుంటు 20.04 లో లిబ్‌వర్ట్ 6.0.0, 22.04 లో 8.0.0, 24.04 లో 10.0.0 వస్తాయి. ఎర్రర్‌లో కనిపించే నంబర్‌ని వీటితో పోల్చి చూడండి. మీ ఉబుంటు ఇచ్చిన నంబరే అయితే టూల్ మంచిదే, దానికి దొరికిన లైబ్రరీయే వేరేది.

రెండో కాపీ ఎక్కడి నుంచి వచ్చింది?

మల్యాలలో మా జూనియర్ ఒకడు ఫోన్ చేసి "అన్నా, నిన్నటిదాక మంచిగనే నడిచింది, నేనేం చెయ్యలే" అన్నాడు. అందరూ అలాగే అంటారు. కాస్త గట్టిగా అడిగితే బయటపడింది. నెల కింద ఒక వీడియో చూసి కొత్త లిబ్‌వర్ట్‌ని సోర్స్ నుంచి బిల్డ్ చేశాడు. నచ్చక యూఎస్ఆర్-లోకల్ కింద ఉన్న బిన్, ఎస్‌బిన్ ఫోల్డర్ల నుంచి దాని ఫైళ్లు తీసేశాడు. పోయింది అనుకున్నాడు. కానీ లైబ్రరీ ఉండేది లిబ్ ఫోల్డర్‌లో, అది అలాగే ఉంది. వాడి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు మొత్తం ఆ వర్చువల్ మెషీన్‌లోనే ఉంది, రివ్యూకి వారం కూడా లేదు.

మరి నెల రోజులు ఎందుకు నడిచింది? లినక్స్‌లో లైబ్రరీలు వెతికే లోడర్ ప్రతిసారీ అన్ని ఫోల్డర్లూ తిరగదు, ఒక క్యాష్ ఫైల్ చూస్తుంది. ఆ క్యాష్‌ని కట్టేది ఎల్‌డీ-కాన్ఫిగ్ అనే కమాండ్. ఏదైనా ప్యాకేజీ అప్‌డేట్ అయినప్పుడు అది మళ్లీ నడుస్తుంది. అప్పటిదాకా గుర్తించని యూఎస్ఆర్-లోకల్ కాపీ అప్పుడు లిస్టులోకి ఎక్కింది. ఉబుంటు, డెబియన్‌లలో యూఎస్ఆర్-లోకల్‌కి సిస్టమ్ ఫోల్డర్ కంటే ముందు చోటు ఉంటుంది కాబట్టి లోడర్ దాన్నే తీసుకుంది. ఫెడోరాలో యూఎస్ఆర్-లోకల్ ఆ లిస్టులో మామూలుగా ఉండదు. అందుకే ఒకే వీడియో చూసి చేసినా ఇద్దరికి రెండు రకాల రిజల్ట్ వస్తుంది.

ఇలా పట్టుకోండి

ఎర్రర్ లైన్‌ని పూర్తిగా చదవండి. అందులో మూడు విషయాలుంటాయి: లోడర్ తెరిచిన లైబ్రరీ ఫైల్ పాత్, దొరకని లేబుల్, దాన్ని అడిగిన ప్రోగ్రాం. పాత్‌లో "లోకల్" అనే మాట కనిపిస్తే సగం కేసు తేలినట్టే.

తర్వాత "టైప్ హైఫన్-ఏ వర్ష్" కొట్టండి. పాత్ వేరియబుల్‌లో ఉన్న ఫోల్డర్లలో ఎన్ని వర్ష్‌లుంటే అన్నీ చూపిస్తుంది. ఎల్‌డీడీ కమాండ్‌కి వర్ష్ పూర్తి పాత్ ఇస్తే ఏ లైబ్రరీ ఎక్కడి నుంచి వస్తుందో చెబుతుంది. (నమ్మకం లేని చోట నుంచి దించిన ఫైళ్ల మీద ఎల్‌డీడీ వాడకండి, కొన్నిసార్లు అది ఆ ఫైల్‌ని రన్ చేసే అవకాశం ఉంది.) ఆ లైబ్రరీ పాత్‌ని ఉబుంటులో "డీపీకేజీ హైఫన్-క్యాపిటల్ ఎస్"కి, ఫెడోరాలో "ఆర్‌పీఎం హైఫన్-క్యూఎఫ్"కి ఇవ్వండి. ఏ ప్యాకేజీదీ కాదు అని వస్తే అది ఎవరో చేత్తో పెట్టిన కాపీ. ఎల్‌డీ-లైబ్రరీ-పాత్ అనే వేరియబుల్‌లో ఏమైనా ఉందేమో కూడా చూడండి, ఎప్పుడో బ్యాష్ఆర్‌సీలో రాసిన లైన్ ఇప్పుడు కొంప ముంచుతుండొచ్చు.

తీసేసే ముందు కాపీ

డిస్క్ ఫైళ్లు మామూలుగా వార్-లిబ్-లిబ్‌వర్ట్ కింద ఇమేజెస్ ఫోల్డర్‌లో ఉంటాయి, మెషీన్ సెట్టింగ్స్ ఎక్స్ఎంఎల్ ఫైళ్లు ఈటీసీ-లిబ్‌వర్ట్ కింద క్యూఈఎంయూ ఫోల్డర్‌లో. వర్ష్ పనిచేయడం లేదు కాబట్టి దాంతో ఎక్స్ఎంఎల్ తీయలేం. ఈ రెండు ఫోల్డర్లనూ సుడోతో నేరుగా ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసుకోండి. ఇది స్కిప్ చేయొద్దు.

బిల్డ్ చేసిన ఫోల్డర్ ఇంకా ఉంటే అక్కడ నింజాతో అన్ఇన్‌స్టాల్ కొట్టండి. లేకపోతే యూఎస్ఆర్-లోకల్ కింద లిబ్‌వర్ట్ పేరున్న లైబ్రరీలను డిలీట్ చేయకుండా హోమ్‌లో ఒక ఫోల్డర్‌లోకి మార్చండి. ఆ తర్వాత సుడోతో ఎల్‌డీ-కాన్ఫిగ్, ఏపీటీతో లిబ్‌వర్ట్ ప్యాకేజీల రీఇన్‌స్టాల్, చివర్లో లిబ్‌వర్ట్-డీ రీస్టార్ట్. రీఇన్‌స్టాల్ అన్నాను, పర్జ్ అనలేదు. పర్జ్ కాన్ఫిగరేషన్ ఫైళ్లను కూడా తుడిచేస్తుంది.

చాలామంది మర్చిపోయేది సిస్టమ్‌డీ సర్వీస్ ఫైల్. సోర్స్ బిల్డ్ దాన్ని కూడా యూఎస్ఆర్-లోకల్‌లో పెడుతుంది, సిస్టమ్‌డీ ముందు దాన్నే చూస్తుంది. "సిస్టమ్-సీటీఎల్ క్యాట్ లిబ్‌వర్ట్-డీ" కొడితే ఏ ఫైల్ వాడుతుందో పై లైన్‌లోనే తెలుస్తుంది. మా జూనియర్‌కి లైబ్రరీ తీసేశాక కూడా సర్వీస్ లేవకపోవడానికి కారణం ఇదే. ఆ ఫైల్‌ని కూడా పక్కకు తీసి, డేమన్-రీలోడ్ చేశాక లిస్టు వచ్చింది. మొత్తం గంటన్నర పట్టింది, డేటా ఖర్చు కొన్ని ఎంబీలే.

ఎర్రర్ పోయినా లిస్టు ఖాళీగా వస్తే భయపడకండి. సుడో లేకుండా వర్ష్ నడిపితే అది మీ యూజర్ సెషన్‌కి కనెక్ట్ అవుతుంది, వర్ట్-మేనేజర్‌లో చేసిన మెషీన్లు మామూలుగా సిస్టమ్ కనెక్షన్‌లో ఉంటాయి. సుడోతో చూడండి.

ఒక సలహా నెట్‌లో బాగా తిరుగుతుంది: ఉన్న లైబ్రరీకి కావాల్సిన పేరుతో సింబాలిక్ లింక్ కొట్టమని. ఇక్కడ అది పనిచేయదు. లోడర్ ఫైల్ పేరే కాకుండా లోపలి లేబుల్ కూడా చూస్తోంది కదా. ఇంకా ప్రమాదమైనది వేరే లినక్స్ నుంచి గ్లిబ్‌సీ ఫైల్ తెచ్చి పెట్టడం. అది తప్పితే ఎల్ఎస్, సుడో కూడా నడవవు. అప్పుడు నిజంగానే పెన్‌డ్రైవ్ బూట్ దాకా వెళ్లాల్సి వస్తుంది.

కొత్త లిబ్‌వర్ట్ ట్రై చేయాలనుంటే ఇన్‌స్టాల్ చేయకుండానే చేయొచ్చు. బిల్డ్ ఫోల్డర్‌లో "రన్" అనే స్క్రిప్ట్ ఉంటుంది, దాని ద్వారా నడిపితే ఆ ఫోల్డర్‌లోని లైబ్రరీలే వాడుతుంది, సిస్టమ్‌ని ముట్టుకోదు.

ఇవీ దాని చుట్టాలే

అనకొండ వాడేవాళ్లకు వర్ట్-మేనేజర్ "జీఐ మాడ్యూల్ లేదు" అనొచ్చు. వర్ట్-మేనేజర్ పైథాన్ ప్రోగ్రాం, దానికి సిస్టమ్ పైథాన్ కావాలి, దొరికింది కోండాది. కోండా డీయాక్టివేట్ చేసి నడిపితే సరి. పిప్‌తో ఒక్కో మాడ్యూల్ వేసుకుంటూ పోవద్దు, దానికి అంతుండదు.

ఇంకోటి, ఫ్రెండ్ ల్యాప్‌టాప్ నుంచి మెషీన్ తెచ్చుకున్నప్పుడు వచ్చే "అన్‌సపోర్టెడ్ మెషీన్ టైప్". ఎక్స్ఎంఎల్‌లో పీసీ-క్యూ35-8.2 అని ఉంటే ఉబుంటు 22.04 లోని క్యూఈఎంయూ 6.2 కి అది తెలియదు. ఆ లైన్‌ని పీసీ-క్యూ35-6.2 కి మారిస్తే లినక్స్ గెస్టులు మామూలుగా లేచిపోతాయి. లోపల విండోస్ ఉంటే మాత్రం హార్డ్‌వేర్ మారిందనుకుని మళ్లీ యాక్టివేషన్ అడగొచ్చు.