మేడమీద బఠానీ పంట

కలకత్తా చలికాలం అతి స్వల్పమైనది. దుర్గాపూజ సంబరాలు ముగిశాక మెల్లగా అడుగిడి, ఫిబ్రవరి వెళ్లకముందే సెలవు తీసుకుంటుంది. ఆ కొద్ది వ్యవధిలోనే బఠానీ మొలవాలి, పూయాలి, కాయాలి. ఆలస్యంగా విత్తిన వానికి తీగ దక్కుతుందే గాని కాయ దక్కదు. ఎండ ముదిరితే పూత నిలువదు.

ఈ నగరంలో తోటపనికి ఘనమైన చరిత్ర ఉన్నది. 1814లో తెలుగు వ్యాకరణాన్ని ప్రకటించిన శ్రీరాంపూరు మతాచార్యుడు విలియం కేరీకి మొక్కలంటే ప్రాణం. 1820లో ఆయన పూనికతో ఏర్పడిన వ్యవసాయ ఉద్యాన సంఘం విదేశీ విత్తనాలను తెప్పించి పంచింది. అలీపూరులో ఆ సంఘం తోట నేటికీ ఉన్నది.

పెరడు లేని గృహస్థునకు మేడకప్పే పొలం. నవంబరు తొలి రోజులలో, రాత్రంతా నానిన గింజలను లోతైన కుండీలలో అంగుళం లోతున నాటాలి. తీగ జానెడు ఎదగగానే ఎండుకొమ్మలు ఆసరాగా గుచ్చాలి. ప్రక్క కుండీలలో పాలకూర, ముల్లంగి చల్లుకోవచ్చు. బఠానీకి ఎరువు మితంగా చాలు. వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి దానికి అందిస్తాయి. అందుచేత పంట ముగిశాక మొక్కను పెరకరాదు. మొదలంట కోసి, వేళ్లను మట్టిలోనే విడిచిపెడితే తరువాత వేసే బెండకు ఆ సారం అందుతుంది.

రెండు నెలలు దాటాక కాయలు నిండుతాయి. ఉదయపు చల్లదనంలో ఒక చేత తీగను పట్టి, మరొక చేత కాయను తుంచాలి. కోసిన క్షణం నుండే గింజలోని చక్కెర పిండిగా మారసాగుతుంది. అంగడి బఠానీకి లేని తీపి, గంటలో వంటింటికి చేరి బెంగాలీ కచోరీలో ఒదిగే ఇంటి బఠానీకి ఉండడానికి కారణమిదే.

ముదిరిన కాయలను తీగనే ఉంచితే కొత్త పూత ఆగిపోతుంది. దాచుకొనేవానికంటె కోసి పంచేవానికే బఠానీ ఎక్కువ ఇస్తుంది.