ట్రాక్ మీదికి పాత కారా, కొత్త కారా?

గత నెలలో తొమ్మిదో తరగతిలో సంధులు చెబుతుంటే వెనక బెంచీ నుంచి ఒక చీటీ మా బల్ల మీదికి వచ్చింది. విప్పి చూస్తే అందులో సంధీ లేదు, సమాసమూ లేదు. "మేడమ్, మా అన్నయ్య రేస్ ట్రాక్ మీద నడపడానికి కారు కొంటాడట. పాతది కావాలంటాడు. నాన్నగారు కొత్తది అంటారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. మీరైనా చెప్పండి" అని ఉంది.

తెలుగు పంతులమ్మను ఈ ప్రశ్న ఎందుకు అడిగిందో తర్వాత తెలిసింది. ఇంతకుముందు మేము శ్రీపెరుంబుదూర్ దగ్గర పనిచేశామని, అక్కడ సెలవు రోజుల్లో రేసులు చూసేవాళ్లమని ఎప్పుడో మాటల్లో చెప్పామట. మా ఇంట్లో ఇద్దరమూ బదిలీల ఉద్యోగులమే. ఊరు మారినప్పుడల్లా సామానుతో పాటు ఒక కొత్త పిచ్చి కూడా వెంట వస్తుంది. అక్కడ అంటుకున్నది కార్ల పిచ్చి.

భిలాయ్‌లో మైత్రీబాగ్ ఉంది, సివిక్ సెంటర్ ఉంది, రేస్ ట్రాక్ మాత్రం లేదు. అందుకని ముందు ట్రాక్ అంటే ఏమిటో చెప్పుకుందాం. మన దేశంలో పేరున్నవి మూడు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఒకటి ఉంది. పొడవు 3.7 కిలోమీటర్లు, 1990 నుంచి నడుస్తోంది. కోయంబత్తూరు దగ్గర కారి మోటార్ స్పీడ్‌వే రెండోది. మారుతి 800 ఇంజన్‌తో చవకైన రేసు కారు తయారుచేసి ఎందరికో దారి చూపిన కరివర్ధన్ పేరు దానికి పెట్టారు. మూడోది గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్. 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ పోటీలు జరిగింది అక్కడే. ఇలాంటి చోట్ల రేసులు లేని కొన్ని రోజుల్లో రుసుము కట్టి, హెల్మెట్ పెట్టుకుని మన సొంత కారునే నడుపుకోవచ్చు. ఎదురుగా బండి రాదు, ఆవు రాదు, స్పీడ్ బ్రేకర్ ఉండదు.

అయినా ట్రాక్ కారును రోడ్డు కన్నా ఎక్కువ నలగ్గొడుతుంది. కారణం మీ సైన్సు పుస్తకంలోనే ఉంది. గతిజశక్తి సూత్రం గుర్తుందా? ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. వెయ్యి కిలోల కారు గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దానిలో ఉండే శక్తి దాదాపు 5.5 లక్షల జౌళ్లు. బ్రేకు తొక్కి ఆపితే ఆ శక్తిలో చాలా భాగం బ్రేకుల్లో వేడిగా మారుతుంది. ఆ వేడితో మామూలు నీళ్లు ఇంచుమించు రెండు లీటర్లు మరిగే దాకా కాచవచ్చు. కారు బరువు 1500 కిలోలైతే మూడు లీటర్లకు దగ్గరగా కాగుతాయి. రోడ్డు మీద అంత గట్టిగా బ్రేకు తొక్కేది ఎప్పుడో ఒకసారి. ట్రాక్ మీద ప్రతి చుట్టులోనూ నాలుగైదు సార్లు తొక్కుతారు. వేడి చల్లారేలోపు మళ్లీ వేడెక్కుతుంది. టైర్ల సంగతీ అంతే. మలుపులో బరువైన కారును పట్టి ఉంచాలంటే టైరు ఎక్కువ అరగాలి.

అన్నయ్య వాదన ఇక్కడి నుంచే మొదలవుతుంది. కార్లు తరం మారినకొద్దీ లావెక్కుతున్నాయి అంటాడు. అది చాలావరకు నిజం. జర్మనీ వాళ్ల పోర్షే 911ను చూడండి. 1964 నాటి మొదటి తరం కారు 1080 కిలోల చుట్టూ ఉండేది. 992 అనే ఇప్పటి తరంలో మామూలు రకమే 1500 కిలోలు తూగుతుంది. ఎయిర్ బ్యాగులు, ఏసీ, తలుపుల్లో బలమైన కమ్మీలు, మోటార్లు, వైర్లు అన్నీ చేరి కూర్చున్నాయి. మరి కొత్తది నెమ్మదిగా పోతుందా అంటే లేదు. ఇంజన్, టైర్లు, బ్రేకులు అంతకు మించి పెరిగాయి కాబట్టి చుట్టు ఇంకా త్వరగా పూర్తిచేస్తుంది. కానీ అరిగే టైర్లకూ బ్రేకులకూ డబ్బు కూడా అంత త్వరగానే కరుగుతుంది.

మనకు దగ్గర ఉదాహరణ హోండా సిటీ. 1998లో మన దేశానికి వచ్చిన మొదటి సిటీ పొట్టిగా, నేలకు అంటుకున్నట్టు ఉండేది. తర్వాత దానిలోనే వీటెక్ అనే 1.5 లీటర్ల ఇంజన్ పెట్టారు. 106 హార్స్ పవర్. బరువు వెయ్యి కిలోలకు కాస్త అటూ ఇటూ. 2003లో కొత్త తరం సిటీ వచ్చింది. లోపల చోటు పెరిగింది, మైలేజీ పెరిగింది, ఇంజన్ శక్తి మాత్రం 77 హార్స్ పవర్‌కు దిగిపోయింది. కుటుంబాలు సంతోషించాయి, వేగం ఇష్టపడేవాళ్లు మొహం ముడుచుకున్నారు. అన్నయ్య చూసి పెట్టుకున్నది ఆ మొదటి తరం వీటెక్ సిటీనే. అతని కన్నా రెండేళ్లే చిన్నది!

ఇంకో పాత కారు మారుతి ఎస్టీమ్. తయారీ 2007లో ఆగిపోయినా రేసుల్లో, ర్యాలీల్లో చాలా ఏళ్లు కనిపించింది. తేలికైన శరీరం. మీలో చాలామందికి తెలిసిన జిప్సీలోనూ, మొదటి స్విఫ్ట్‌లోనూ ఉన్న 1.3 లీటర్ల ఇంజన్ కుటుంబమే దీనిదీ. విడిభాగాలు తేలిగ్గా దొరికేవి, చెయ్యి తిరిగిన మెకానిక్ ఏ ఊళ్లోనైనా ఉండేవాడు. బదిలీల మీద తిరిగే మనబోటి వాళ్లకు ఆ సుఖం ఎంతటిదో వేరే చెప్పాలా?

అయితే "పాతదంటే తేలిక, కొత్తదంటే బరువు" అని సూత్రంలా బట్టీ పట్టకండి. 2005లో వచ్చిన మొదటి తరం స్విఫ్ట్ వెయ్యి కిలోలు దాటేది. 2018లో వచ్చిన కొత్త తరం పెట్రోలు స్విఫ్ట్ 900 కిలోల లోపే ఉంది. కారు చిన్నదైపోలేదు, ఉక్కు మారింది. మన భిలాయ్ ప్లాంటులో రైలు పట్టాలు, మందపాటి ప్లేట్లు తయారవుతాయి. బొకారో నుంచి బదిలీ మీద వచ్చిన పిల్లలకు పల్చటి రేకు చుట్టలు తెలుసు. కార్ల శరీరాలకు కావలసింది ఆ జాతి రేకు. దానిలో ఎక్కువ బలం గల రకాలు వచ్చాక రేకు మందం తగ్గించినా పెట్టె గట్టిగా నిలబడుతోంది. ఎక్కడ నలగాలో అక్కడ నలిగి, మనిషి కూర్చునే చోటు నలగకుండా ఉండేలా దాన్ని మలుస్తున్నారు. ఇరవై ఏళ్ల నాటి కారులో ఇంత ఆలోచన లేదు. పైగా అప్పటి రేకుకు ఇప్పటికి తుప్పు కూడా తోడై ఉంటుంది.

నాన్నగారి వాదన సరిగ్గా ఇదే. ఆయన సీఐఎస్‌ఎఫ్‌లో పనిచేస్తారు, భద్రత ఆయన వృత్తి. మన దేశంలో 2019 దాకా డ్రైవరుకు ఎయిర్ బ్యాగు, కార్లకు ఏబీఎస్ తప్పనిసరి కాదు. అన్నయ్య చూసిన సిటీలో ఈ రెండూ లేవు. ఏబీఎస్ లేని కారులో బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోతాయి. బిగుసుకున్న చక్రం జారుతుంది తప్ప తిరగదు, అప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పినా కారు వినదు. ఏబీఎస్ ఉంటే సెకనులో చాలాసార్లు బ్రేకును వదిలి పట్టి, చక్రం బిగుసుకోకుండా చూస్తుంది. ఈఎస్‌పీ ఇంకో మెట్టు పైన ఉంటుంది. కారు పక్కకు తిరిగిపోబోతే ఒక్క చక్రానికే బ్రేకు వేసి దారిలోకి తెస్తుంది.

మరి నేర్చుకునేవాడికి పాత కారే మంచిదని చాలామంది ఎందుకంటారు? కొత్త కారు మన తప్పును మనకు తెలియకుండానే దిద్దేస్తుంది కాబట్టి. పక్కనే కూర్చుని డిక్టేషన్‌లో అక్షరాలు సరిచేసే అక్కయ్య లాంటిది అది. మార్కులు వస్తాయి, రాయడం రాదు. పాత కారులో మలుపు ముందు ఆలస్యంగా బ్రేకు తొక్కితే వెంటనే తెలిసిపోతుంది. టైరు పట్టు తప్పడం చేతుల్లోకి, సీటులోకి వస్తుంది. తక్కువ వేగంలోనే హద్దు తగులుతుంది కాబట్టి తక్కువ వేగంలోనే తప్పు చేసి నేర్చుకోవచ్చు. అమెరికాలో మియాటా అనే చిన్న రెండు సీట్ల కారుతో స్పెక్ మియాటా అని ఒక పోటీ నడుస్తుంది. అందులో పోటీ పడేవి 1990 నుంచి 2005 దాకా వచ్చిన పాత రెండు తరాల కార్లే.

ఇంతవరకు అన్నయ్య పక్షమే బలంగా కనిపిస్తుంది. ఇప్పుడు మేము కళ్లారా చూసిన ఒక సంగతి చెప్పాలి.

శ్రీపెరుంబుదూర్‌లో ఉన్నప్పుడు ఒక సహోద్యోగి తమ్ముడు తన పాత సెడాన్‌ను ట్రాక్ మీదికి తెచ్చాడు. కారుకు కొత్త రంగు వేయించాడు, ఇంజన్ విప్పి బాగుచేయించాడు. మేమంతా కంచె దగ్గర నిలబడ్డాం. అతని భార్య టిఫిన్ డబ్బా పట్టుకుని మా పక్కనే ఉంది. మూడు చుట్లు బాగా తిరిగాడు. నాలుగో చుట్టులో తిన్నటి దారి చివర మలుపు వస్తోంది, కారు నెమ్మదించడం లేదు. బ్రేకు పెడల్ నేల దాకా దిగిపోయిందని తర్వాత చెప్పాడు. గేర్లు దించుకుంటూ గడ్డిలోకి, అక్కడి నుంచి ఇసుకలోకి వెళ్లి, టైర్ల గోడకు కొద్ది దూరంలో ఆగాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆవిడ మాత్రం ఆ రోజంతా మాట్లాడలేదు.

మెకానిక్ మూత తీసి చూపించాడు. బ్రేక్ ఆయిల్ కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. ఎన్నేళ్ల నుంచి మార్చలేదో అతనికే తెలియదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక అదే ఆయిల్‌కు ప్రమాణం 155 డిగ్రీలే. ట్రాక్ మీద బ్రేకులు కాగేసరికి ఆయిల్ మరిగి లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. కాలు పెట్టే బలమంతా బుడగలను నొక్కడానికే సరిపోతుంది, బ్రేకు దాకా వెళ్లదు. ఆయిల్ సీసా ఖరీదు ఆ రోజు ఆవిడ తెచ్చిన టిఫిన్ ఖరీదుకు కాస్త ఎక్కువ ఉంటుందేమో, అంతే.

కొత్తదైతే ఇలాంటి బెంగ ఉండదా? దానికి వేరే బెంగలు ఉంటాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది, ఫ్రాన్సు డ్రైవర్ ఝాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అవి జెన్ 3 అనే మూడో తరం విద్యుత్ కార్లు. ఆ తరానికి అది మొదటి ఏడాది. రెండో తరం కన్నా తేలిక, శక్తి 250 కిలోవాట్ల నుంచి 350కి పెరిగింది. వెనక చక్రాలకు మామూలు బ్రేకులు తీసేసి, మోటారే కారును ఆపేలా రూపొందించారు. కాగితం మీద అన్నిటా మెరుగే. కానీ రెండు వారాలకే కేప్‌టౌన్‌లో వెనక సస్పెన్షన్ మీద అనుమానం వచ్చి మహీంద్రా జట్టు, అదే సరంజామా వాడే మరో జట్టు పోటీ నుంచి తప్పుకున్నాయి. కొత్త తరం తొలి ఏడాదిలో కొనకూడదని పాత మెకానిక్‌లు అనేది ఇందుకే. పాత కారు లోపాలన్నీ ఇప్పటికే బయటపడి ఉంటాయి. కొత్త కారువి మన చేతుల్లో బయటపడతాయి.

ఇక చీటీకి జవాబు. మేము ఆ అమ్మాయిని ఒకే ప్రశ్న అడిగాం. "అన్నయ్య ట్రాక్ దాకా ఎలా వెళ్తాడు?" "ఆ కారులోనే మేడమ్. వాడికి ఉండేది ఒక్క కారే." అన్నయ్య ఉద్యోగం బెంగళూరులో. అక్కడి నుంచి చెన్నై ట్రాక్‌కు సుమారు 300 కిలోమీటర్లు. పోను, రాను లెక్కేయండి. ట్రాక్ మీద అతను తిరిగేది అన్నీ కలిపి ఏ వంద కిలోమీటర్లో, అదీ హెల్మెట్‌తో, అంబులెన్స్ పక్కన ఉండగా. మిగతా ఆరు వందల కిలోమీటర్లు లారీల మధ్య, అలసిపోయి, చీకటి పడ్డాక. ఎయిర్ బ్యాగు కావలసింది అక్కడ. పాత సిటీని ట్రాక్ దగ్గరే ఏదైనా షెడ్డులో ఉంచుకుని, తను బస్సులో వెళ్లి రాగలిగితే మేము కూడా పాతదానికే ఓటు వేసేవాళ్లం. మా మనసు అటే ఉంది. కానీ ఒక్క కారుతోనే అన్నీ కావాలంటే నాన్నగారి మాటే నిజం. మరీ కొత్తది అక్కర్లేదు. ఏబీఎస్, ఎయిర్ బ్యాగులు ఉండి, తేలికగా ఉండి, ఐదారేళ్లు వాడిన చిన్న కారు తీసుకుని, మిగిలిన డబ్బు బ్రేకులకూ టైర్లకూ పెట్టుకోమన్నాం.

బదిలీల ఇళ్లవాళ్లం కాబట్టి ఇంకొకటీ చెప్పాం. ఢిల్లీ పరిసరాల్లో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద ఆంక్షలు వచ్చాయి. 2018లో సుప్రీంకోర్టు కూడా వాటిని సమర్థించింది. బుద్ధ్ సర్క్యూట్ ఉన్నది ఆ పరిధిలోనే. అన్నయ్యకు రేపు నోయిడాలో ఉద్యోగం వస్తే పాత సిటీని ఏం చేస్తాడు?

జవాబు విని అన్నయ్య రెండు రోజులు అలిగాడట. ఆ తర్వాత ఆదివారం ఒక సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ చూడటానికి వెళ్లి, అక్కడి నుంచే చెల్లెలికి ఫోన్ చేశాడు. "టైర్ల మీద తేదీ ఎక్కడుంటుందో మీ మేడమ్‌ను అడుగు" అని. టైరు పక్క భాగంలో డాట్ అనే అక్షరాల వరుస ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెలు చూడాలి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. అరగకపోయినా రబ్బరు ఏళ్లు గడిస్తే గట్టిపడి పట్టు పోతుంది.

మర్నాడు ఇంటర్వెల్‌లో తరగతి మొత్తం సైకిల్ స్టాండ్ పక్కన టీచర్ల బళ్ల చుట్టూ చేరి అంకెలు చదివింది. ఎక్కువ నవ్వులు మా స్కూటర్ దగ్గరే వినిపించాయి. వెనక టైరు మీద 0814 అని ఉంది. శనివారం జీతం పడగానే మార్పిస్తామని పిల్లలకు మాటిచ్చాం.