ఊరంతా ఒకే రాత్రి మంట వేస్తే

పర్యావరణాన్ని కాపాడుకోవడం గురించి మనకు వినిపించే సలహాలన్నీ ఒక్క మనిషిని ఉద్దేశించినవే. గుడ్డసంచి పట్టుకెళ్లు, నల్లా కట్టెయ్, మొక్క నాటు, కరెంటు పొదుపు చెయ్. వీటిలో తప్పేమీ లేదు. కానీ ఉత్సాహంగా మొదలుపెట్టినవాళ్లలో చాలామంది కొన్నాళ్లకే ఎందుకు మానేస్తున్నారో ఆ సలహాలు ఇచ్చేవాళ్లు చెప్పరు. ఊళ్లో అందరూ ఒక తీరుగా నడుస్తుంటే ఒక్క ఇల్లు మరో తీరుగా నడవడానికి డబ్బూ శ్రమా ఎక్కువ పడతాయి, మాటలూ పడాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పాతిక ముప్పై ఏళ్లుగా జరిగినవాటిని చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. నేలనూ నీటినీ పాడుచేయకుండా బతికే పద్ధతి ఒక ఇంటి నియమంగా ఉన్నంతకాలం భారమే. ఊరు కూర్చుని ఒప్పుకున్న కట్టుబాటు అయ్యాక అదే పని చౌకగా, సుళువుగా సాగుతుంది. దీనికి మొదటి సాక్ష్యం ఒక పురుగు.

ఎర్ర గొంగళి పురుగు తెలంగాణ మెట్టచేలకు పాత శత్రువు. ఆముదం, పల్లి, పెసర, జొన్న, ఏది మొలకెత్తి కనిపిస్తే దాన్ని నమిలేస్తుంది. ఎండాకాలమంతా నేలలో గూడు కట్టుకుని పడి ఉండి, తొలకరి గట్టిగా పడిన ఒకటి రెండు రోజులకు రెక్కల పురుగై బయటికొస్తుంది. ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎదిగి ఒళ్లంతా నూగు వచ్చాక మందు కొట్టినా పెద్దగా పనిచేయదు. అవి ఒక చేను తినేసి దండుగా పక్క చేనుకు నడుస్తాయి. దాని బలహీనత వెలుతురు. రెక్కల పురుగులు లేచే ఆ కొద్ది రాత్రుల్లో గట్ల మీద మంటలు వేస్తే వాటంతట అవే వచ్చి పడతాయి. అయితే ఒక్క రైతే తన గట్టున మంట వేసుకుంటే చుట్టుపక్కల పురుగులను తన చేనుకు పిలుచుకున్నట్టవుతుంది. పక్క చేలల్లో పెట్టిన గుడ్లు పిల్లలయ్యాక అతని పొలం మీదికే వస్తాయి. ఊరంతా ఒకే రాత్రి, ఒకే వేళకు మంటలు వేస్తేనే ఫలితం ఉంటుంది. 1990ల చివర్లో జనగామ కేంద్రంగా పనిచేసే క్రాప్స్ అనే స్వచ్ఛంద సంస్థ లింగాల ఘన్‌పూర్ మండలంలోని ఏనబావిలో ఈ పనికి రైతులను కూడగట్టింది. ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తి రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్న కాలమది. పచ్చపురుగు, లద్దెపురుగు ఏ మందుకూ చావక, కొట్టిన మందు మీదే మరో మందు కొడుతూ అప్పుల్లో మునిగిన రోజులవి. ఆ సమయంలో మందు డబ్బా లేకుండా, పైసా అప్పు లేకుండా ఒక పురుగును అదుపు చేయగలగడం చిన్న సంగతి కాదు.

పురుగు తగ్గడంతోనే కథ ఆగలేదు. పక్కవాడి చేను బాగుంటేనే తన చేను బాగుంటుందని రైతులు కళ్లారా చూశారు, మిగతావన్నీ దాని మీదే నిలబడ్డాయి. తర్వాత హైదరాబాద్‌లోని సుస్థిర వ్యవసాయ కేంద్రం కూడా తోడయింది. ముందు పురుగుమందులు మానారు. వాటి స్థానంలో వేపగింజల కషాయం, పచ్చిమిర్చి, వెల్లుల్లి కషాయాలు వచ్చాయి. పిట్టలు వాలడానికి చేలల్లో కొయ్యలు పాతారు, పత్తి చుట్టూ ఆముదం, బంతి వేశారు. ఆ తర్వాత యూరియా, డీఏపీల వంతు వచ్చింది. పశువుల పెంట, వానపాముల ఎరువు, చెరువు మట్టి వాటిని పక్కకు నెట్టాయి. 2006 నాటికి యాభై చిల్లర కుటుంబాలున్న ఆ ఊరు, సుమారు 280 ఎకరాల్లో ఎక్కడా రసాయనం చల్లబోమనీ జన్యుమార్పిడి విత్తనం వేయబోమనీ ప్రకటించుకుంది. ఇందులో ‘ఎక్కడా’ అన్నదే అసలు బలం. పక్కవాడు మందు కొడుతుంటే గాలికి ఆ తుంపర మన చేను మీద పడుతుంది, పురుగును తినే సాలీళ్లూ అక్షింతల పురుగులూ చచ్చిపోతాయి, చావని పురుగు మన వైపు వస్తుంది. ఊరంతా మానేస్తే మిత్రపురుగులు నిలదొక్కుకుంటాయి. వేపకాయలు ఏరడం, కషాయం కాచడం నలుగురి మధ్య పంచుకునే పని అవుతుంది. కొనేవాళ్లకు కూడా ఒక రైతు మాట కంటే ఊరి మాట మీద నమ్మకం ఎక్కువ. ఏనబావి పంట హైదరాబాద్‌లో ‘సహజ ఆహారం’ దుకాణాల దాకా చేరడానికి ఈ నమ్మకం అక్కరకొచ్చింది.

ఇది ఒక్క ఊరి అదృష్టమని కొట్టిపారేయడానికి లేదు. మహబూబాబాద్ జిల్లాకు పొరుగున, పాల్వంచ దగ్గరి పునుకుల గ్రామం అంతకంటే ముందే, 2003–04లో, పురుగుమందులు వాడని ఊరిగా నిలిచింది. ఆ అనుభవాలను చూసే అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మహిళా సమాఖ్యల ద్వారా పురుగుమందులు లేని సేద్యాన్ని లక్షల ఎకరాలకు తీసుకెళ్లింది. ఆ పని ఆడవాళ్ల చేతికి రావడం కూడా సహజమే. ఇంటి అప్పు లెక్క వాళ్లకు తెలుసు, మందు కొట్టి వచ్చిన మనిషి వాంతులు చేసుకుంటుంటే చూసుకునేదీ వాళ్లే.

దిగుబడి సంగతేమిటని అడగాలి, అడిగి తీరాలి. శ్రీలంక 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసింది, వరి, తేయాకు దిగుబడి పడిపోయి నవంబరులోనే వెనక్కి తగ్గింది. రసాయనాలు లేని సేద్యం ఆకలి తెస్తుందనడానికి చాలామంది ఈ ఉదాహరణే చూపిస్తారు. కానీ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కొలంబోలో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది, నేల సారం పుంజుకునే వ్యవధి లేదు, బదులు ఎరువు సిద్ధంగా లేదు. ఏనబావిలో తొలి మంటల నుంచి పూర్తి ప్రకటన దాకా ఎనిమిది తొమ్మిదేళ్లు పట్టింది. ముందు ఒక పురుగు, తర్వాత పురుగుమందులు, చివరగా ఎరువులు. ఒక్కో మెట్టూ ఎక్కి, కాలు నిలిచాకే పైమెట్టు చూశారు. రైతుకు మిగిలేదాన్ని లెక్కగట్టేటప్పుడు కూడా క్వింటాళ్లు మాత్రమే చూస్తే చాలదు, పెట్టుబడిని పక్కన రాయాలి. 45 కిలోల యూరియా బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకు దొరుకుతున్నది ప్రభుత్వం భారీగా రాయితీ భరిస్తున్నందువల్లే. అంత చౌకగా ఉన్నప్పుడు పెంట తోలుకోమని రైతుకు చెప్పడం కష్టమే, ఒప్పుకుంటాను. అయితే ఆ చౌక బస్తా సమయానికి దొరుకుతుందన్న భరోసా లేదు. 2025 వానాకాలంలో మహబూబాబాద్ జిల్లా రైతులు దానికోసం సొసైటీల ముందు గంటల తరబడి వరుసల్లో నిలబడ్డారు. ఎరువులో కొంత భాగమైనా ఊళ్లోనే తయారయ్యే చోట ఆ వరుస కొంతైనా తగ్గుతుంది.

ఆ ఎరువు సగం మన చెరువుల్లోనే ఉంది. మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువును 13వ శతాబ్దంలో కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించింది. అక్కడి శాసనంలో కాకతీయుల వంశక్రమం దొరకడం వల్ల చరిత్రకారులకు ఆ చెరువు అపురూపం, రైతులకు అది నేటికీ ఆయకట్టు. భూపాలపల్లి జిల్లాలో కోటగుళ్లున్న గణపురంలో గణపసముద్రం ఉంది. ఇలాంటి పెద్ద చెరువుల కింద, మధ్య వందల చిన్న కుంటలు. పైచెరువు మత్తడి దుంకితే నీళ్లు కిందిచెరువుకు చేరే గొలుసుకట్టు ఇక్కడి నీటి లెక్క. వానతో పాటు పొలాల పైమట్టి కొట్టుకొచ్చి చెరువు అడుగున పేరుకుంటుంది. దాన్ని ఎండాకాలంలో తీసి తిరిగి పొలాలకు తోలితే చెరువు లోతవుతుంది, చెల్కకు సారం, తేమ పట్టే గుణం వస్తాయి. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ ఈ పాత లెక్కనే పెద్దయెత్తున తిరిగి పట్టుకుంది. రాష్ట్రంలో 46 వేల పైచిలుకు చెరువులను గుర్తించి, పూడిక తీసే ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంటే, మట్టిని తోలుకునే ఖర్చు రైతులు పెట్టుకున్నారు. మంచి పని. కానీ పూడిక ఒకసారి తీస్తే తీరేది కాదు, ప్రతి వానకూ మళ్లీ చేరుతుంది. పథకం ముగిశాక ఏటా ఎవరు తీయాలన్నది ఊరు తేల్చుకోవాల్సిన మాట, చాలా ఊళ్లు ఇంకా తేల్చుకోలేదు.

చెరువు పూడితే రైతు బోరు వేస్తాడు. జనగామ వైపు మెట్టప్రాంతాల్లో అది తెలిసిన కథే. 2018 జనవరి నుంచి సేద్యానికి ఇరవై నాలుగు గంటలూ ఉచిత కరెంటు. నీరు ఎంత లోతుకు పోతే మోటారుకు అంత కరెంటు కావాలి. ఆ కరెంటు తెలంగాణలో చాలావరకు బొగ్గు నుంచే వస్తుంది. భూపాలపల్లి జిల్లా చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. అదే జిల్లాలో సింగరేణి ఓపెన్‌కాస్టులు, తాడిచర్ల గని ఉన్నాయి. అంటే జనగామలో ఒక కుంట పూడిపోతే దాని బరువు కొంత భూపాలపల్లిలో దుమ్ము పీల్చే ఊళ్ల మీద పడుతుంది. ఇంత పెద్ద కేంద్రం రాత్రింబవళ్లు బొగ్గు మండిస్తుంటే ఊళ్లో మనం చేసే చిన్న పనులకు విలువేముందని నిరాశగా అడిగేవాళ్లకు నా జవాబు ఇక్కడే ఉంది. ఇంట్లో ఒక బల్బు ఆర్పితే ఆ కేంద్రానికి తేడా తెలియదు, నిజమే. కానీ ఒక గొలుసుకట్టు మొత్తం నిండితే దాని కింద వందల బావుల్లో ఊట పెరుగుతుంది, వందల మోటార్లు తక్కువ సేపు నడుస్తాయి. ఆ లెక్క ఊరి స్థాయిలో, చెరువు స్థాయిలో చూస్తేనే కనబడుతుంది. బొగ్గు ఎప్పటికి మానాలన్నది ప్రభుత్వం తేల్చాల్సిందే. దాన్ని అడిగే గొంతుకు కూడా ఒక్క ఇంటి కంటే ఊరి బలం ఉంటే మంచిది.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఊరి కట్టుబాటు అని ఇంత సంబరంగా అంటున్నాం, ఈ నేలలో ఊరి మాట అంటే చాలాకాలం దొర మాటే. చెరువు కట్ట మీద మట్టి మోసింది వెట్టివాళ్లు. తూము తీసే నీరడి పని కులాన్ని బట్టి వచ్చింది, ఇష్టాన్ని బట్టి కాదు. జనగామ ప్రాంతంలోనే, కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమురయ్య దొర మనుషుల తుపాకీ గుండుకు నేలకొరిగాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట తాను కోసుకోవడానికే పోరాడాల్సి వచ్చింది. ఆ చరిత్రను పక్కనపెట్టి పాత ఊరు ఎంత బాగుండేదో అని రాయడం అన్యాయం. నేను అడుగుతున్నది ఆ పాత కట్టుబాటును కాదు. ఏనబావిలో గానీ, పునుకులలో గానీ, గీసుగొండ మండలం గంగదేవిపల్లిలో పనికో కమిటీ వేసుకుని ఊరిని నడుపుకున్న తీరులో గానీ కనిపించేది చర్చించి, వద్దనడానికి వీలుండి, అయినా సరేనన్న ఒప్పందం. గ్రామసభలో కూలీ మాటకూ ఎకరాల ఆసామి మాటకూ ఒకే విలువ ఉంటేనే అది నిలుస్తుంది. బలవంతపు ఒప్పుకోలు మొదటి కరువుకే తెగిపోతుంది.

పొలం దాటి ఇంటి విషయాల్లోనూ, ఊరు కలిస్తేనే పని సుళువవుతుందన్న సంగతే కనిపిస్తుంది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసుల వంటి వాటిని దేశమంతా 2022 జులై 1 నుంచి నిషేధించారు. అయినా పెళ్లి మరునాడు ఫంక్షన్ హాల్ వెనక చూస్తే నిషేధం కాగితం మీదే ఉందని తెలుస్తుంది. విందు చేసే ఇల్లు ఒక్కటే వెయ్యిమందికి స్టీలు పళ్లేలు తేవాలంటే అద్దె, రవాణా, కడగడం అన్నీ భారమే. జనగామకు పక్కనున్న సిద్దిపేట జిల్లా ఊళ్లలో స్టీల్ బ్యాంకులు పెట్టి, మహిళా సంఘాల చేతిలో ఉంచి, కావాల్సినవాళ్లకు సామాను ఇచ్చే ఏర్పాటు చేశారు. అప్పుడు ప్లాస్టిక్ కొనడమే దండుగ అవుతుంది. మహబూబాబాద్, భూపాలపల్లి అడవి పక్క ఊళ్లలో మోదుగాకు ఇస్తర్లు కుట్టే చేతులు ఇంకా ఉన్నాయి. ఊరు విందులకు వాటినే వాడాలని తీర్మానించుకుంటే ఆ చేతులకు ఏడాదంతా పని దొరుకుతుంది. బతుకమ్మ పేర్చడానికి గునుగు దొరకడం లేదని ఏటా వినే మాట కూడా ఇందులోదే. గునుగు చేలల్లో తనంతట తాను మొలిచేది. గడ్డిమందు కొట్టిన చేనులో గడ్డితోపాటు అదీ పోతుంది. పండుగ నాడు పువ్వు కోసం వెతికేవాళ్లే వానాకాలంలో గడ్డిమందు కొట్టేవాళ్లు కూడా. ఈ రెంటినీ కలిపి మాట్లాడుకునే చోటు గ్రామసభే.

గడ్డిమందు దగ్గర నా వాదనకు నిజమైన ఇబ్బంది ఎదురవుతుంది. కలుపుకు కూలీలు దొరకరు, దొరికినా కూలి గిట్టదు, అందుకే మందు కొడుతున్నామని రైతు చెబితే అది సాకు అనలేం. పంచుకునే కలుపు యంత్రాలు, ఉపాధి హామీ పనిదినాలను కలుపు రోజులతో పోటీ పడకుండా పెట్టుకోవడం కొంత ఉపశమనం ఇస్తాయి, పూర్తిగా కాదు. దానికంటే మొండి చిక్కు కౌలుదారుది. చెరువు మట్టి ఎకరానికి పదుల ట్రాక్టర్లు తోలితే ఆ సారం ఏళ్ల తరబడి ఉంటుంది, కానీ కౌలు ఏడాదికే. వచ్చే ఏడు ఆ పొలం తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి సొంత డబ్బుతో మట్టి ఎందుకు తోలుతాడు? పొలం యజమాని హైదరాబాద్‌లో ఉంటే అతనికి పట్టదు. ఈ మూడు జిల్లాల్లో ఏ ఊరైనా రాబోయే ఎండాకాలం పూడిక పని మొదలుపెట్టేముందు గ్రామసభలో తేల్చుకోవాల్సిన మొదటి మాట ఇదే: మట్టి తోలిన ట్రాక్టరు కిరాయిలో పట్టాదారు వాటా ఎంత, కౌలుదారుకు ఆ పొలం కనీసం ఎన్నేళ్లు ఉండాలి. ఈ రెండింటినీ రాతపూర్వకంగా పెట్టి, సంతకాలు చేయించి, ఆ తర్వాత చెరువులోకి జేసీబీ దించాలి.