భయాన్ని ఓడించిన ఆట

అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్.బి.ఏ.లో ఆల్‌స్టార్ మ్యాచ్ 1951లో బోస్టన్‌లో మొదలైంది. వేర్వేరు జట్ల మేటి ఆటగాళ్ళు ఇందులో కలిసి ఆడతారు. ఫలితం లీగ్ పట్టికలో చేరదు. ముందురోజు డంక్, మూడు పాయింట్ల షాట్ల పోటీలతో పండుగ వాతావరణం ఉంటుంది. ఆటగాళ్ళ ఎంపికలో అభిమానుల ఓట్లు కీలకం.

హెచ్.ఐ.వి. సోకిందని 1991 నవంబరులో ప్రకటించి మ్యాజిక్ జాన్సన్ ఆట మానేశాడు. అయినా అభిమానులు అతనికే ఓట్లేశారు. అతనితో ఆడితే ప్రమాదమని కొందరు ఆటగాళ్ళు అభ్యంతరం చెప్పారు. తాకినంత మాత్రాన ఆ వైరస్ సోకదు. 1992 ఫిబ్రవరి 9న ఓర్లాండోలో అతను 25 పాయింట్లు సాధించి ఉత్తమ ఆటగాడయ్యాడు. అతని చివరి షాట్ పడగానే, ఇంకా కొన్ని సెకన్లు మిగిలివున్నా, ఆట ఆపి ఇరుజట్లవారూ అతన్ని కౌగిలించుకున్నారు.

మిత్రులారా! ఆ జబ్బున్నవారి పక్కన కూర్చోవడానికి, కలిసి భోంచేయడానికి మనమూ జంకకూడదు.