నాలుగు సంతకాలు.. ఒక్కటే అప్పు

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మేం నలుగురం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నలుగురిదీ కన్‌స్ట్రక్షన్ పనే. పాత పికప్ ట్రక్కు, డ్రైవాల్ పని సామాను కొని సొంతంగా చిన్న చిన్న కాంట్రాక్టులు చేద్దామనుకున్నాం. అప్పిచ్చేవాళ్ళు ప్రామిసరీ నోటు ముందు పెట్టారు. 16,000 డాలర్లు. నలుగురం సంతకాలు పెట్టాం. "తలా నాలుగు వేలు, పెద్ద లెక్కేం కాదు తమ్మీ" అన్నాడు మాలో పెద్దవాడైన కరీంనగర్ అన్న. మేమూ అదే అనుకున్నాం.

కొన్నాళ్ళు సక్రమంగానే కట్టాం. తర్వాత పనులు తగ్గి ఇద్దరు ఇండియా వెళ్ళిపోయారు. అప్పటికి బాకీ 9,600. మొత్తం కట్టమని అన్న ఒక్కడి పేరుకే నోటీసు వచ్చింది. తన వంతు 2,400 తీసుకుని ఆఫీసుకు వెళితే, మీ వంతు కాదు, మొత్తం కట్టాలన్నారు. కూతురి కాలేజీ ఫీజుకని దాచుకున్న డబ్బు ఉంది కానీ.. అన్న ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఇదేదో మోసమనుకుని లాయరు దగ్గరకు పోయాం. చట్టమే అంత అన్నాడాయన. అమెరికాలో చెక్కులకు, ప్రామిసరీ నోట్లకు యూనిఫామ్ కమర్షియల్ కోడ్ మూడో ఆర్టికల్ ఆధారం. టెక్సాస్‌లో అది బిజినెస్ అండ్ కామర్స్ కోడ్‌లో ఉంది. అందులో 3.116 సెక్షన్ ప్రకారం, నోటులో వేరేగా రాసుకుంటే తప్ప, ఒకే హోదాలో సంతకం పెట్టినవాళ్ళంతా ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులే. అంటే అప్పిచ్చినవాడు నలుగురినీ అడగొచ్చు, ఒక్కడినే పట్టుకోవచ్చు. ఎవరిని పట్టుకుంటాడు? జీతం, అడ్రసు ఉన్నవాడినే కదా!

వాటాలన్నవి మనలో మనకే. తన వాటాకు మించి కట్టినవాడు ఆ మిగతా సొమ్ము తోటివాళ్ళ దగ్గర రాబట్టుకోవచ్చు. జామీను కోసమే సంతకం పెట్టి, అప్పులో పైసా వాడుకోనివాడి సంగతి వేరు. అప్పిచ్చినవాడికి అతనూ బాధ్యుడే గానీ, కట్టాల్సి వస్తే అసలు అప్పుదారు నుంచి మొత్తం వసూలు చేసుకోవచ్చు. ఇంటి అవసరాలకు తీసుకునే అప్పుల్లో అయితే, జామీనుదారుకు ఈ ప్రమాదం ముందే రాతపూర్వకంగా చెప్పాలని 1985 నుంచి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఉంది. మాది వ్యాపారం అప్పు. మాకెవరూ చెప్పలేదు.

మన దగ్గర మాత్రం వేరేనా? 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ 43వ సెక్షన్ చెప్పేదీ ఇదే. ఊళ్ళో స్టాంపు అంటించిన నోటు మీద మనం ఎన్నిసార్లు సంతకం పెట్టలేదు! తేడా గడువులో ఉంది. అక్కడ మామూలుగా మూడేళ్ళకు నోటు కాలదోషం పడుతుంది. ఇక్కడ గడువు తేదీ ఉన్న నోటు మీద ఆ తేదీ దాటాక ఆరేళ్ళ వరకు కేసు వేయొచ్చు.

సంతకం పెట్టే రోజే ఎవరి వాటా ఎంతో, వెళ్ళిపోయేవాడు ఏం చేయాలో ఒక కాగితం రాసుకుని ఉంటే మాకింత తంటా ఉండేది కాదు. స్నేహితుల మధ్య కాగితమేంటని అప్పుడు నవ్వుకున్నాం.

చివరకు ఇక్కడ మిగిలిన మేం ఇద్దరం చెరి 4,800 కట్టేశాం. నిజామాబాద్ తమ్ముడు నెలనెలా కొంత పంపుతున్నాడు. రెండో అతను ఫోన్ ఎత్తడం లేదు. కేసు వెయ్యొచ్చని లాయరు అన్నాడు. అతని పెళ్ళికి మేమే చందాలేసుకుని బంగారం పంపినవాళ్ళం.. ఇంకా మనసొప్పడం లేదు.