మాంచెస్టరు పురసభ తొలి ఎన్నిక

ఊరు పెరిగినకొలది ఊరి పనులు పెరుగును. నూరిండ్ల పల్లెకు ఒక మంచినీటి బావి చాలును. వాడుకనీరు పెరటి పాదులలోనికి పారిపోవును. తగవు పుట్టినచో నలుగురు పెద్దలు రచ్చబండపై కూర్చుండి తీర్చుదురు. లక్షమంది జనులు ఒక్కచోట చేరి కాపురముండునపుడు ఈ యేర్పాట్లు చాలవు. నీరెవరు తేవలెను? వీధులెవరు ఊడ్పించవలెను? దీపములెవరు వెలిగించవలెను? అందులకగు ధనమును ఎవరీయవలెను? ఇచ్చిన ధనమునకు లెక్క యెవరు చెప్పవలెను? ఈ ప్రశ్నలకు సమాధానముగా ఏర్పడినదే పురపాలక సంఘము.

అట్టి సంఘమును తామే యెన్నుకొను హక్కు ప్రజలకు సులభముగా లభింపలేదు. ఇంగ్లండు దేశములోని మాంచెస్టరు పట్టణ చరిత్ర ఇందుకు మంచి యుదాహరణము. అచ్చటి తొలి పురసభ ఎన్నిక 1838వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన జరిగెను. ఎన్నిక ఒక్కదినములో ముగిసినది గాని, అది చెల్లునా, చెల్లదా యను వివాదము దాదాపు నాలుగేండ్లు సాగినది.

మాంచెస్టరు నూలుమిల్లులకు ప్రసిద్ధి కెక్కిన పట్టణము. అచ్చటి మరమగ్గముల బట్టలు ఓడలపై మన దేశమునకును వచ్చి, మన చేనేత పనివారి జీవనమును దెబ్బతీసిన సంగతి చరిత్ర పాఠములలో మీరు చదివియే యుందురు. 1801వ సంవత్సరమున ఆ పట్టణ జనసంఖ్య సుమారు డెబ్బదివేలు. 1831 నాటికి అది లక్షా నలుబదివేలను దాటెను. ముప్పది యేండ్లలో ఊరు రెండింతలైనది. ఇండ్లు మాత్రము అంత వేగముగా పెరుగలేదు. వేలకొలది కార్మికులు నేలమాళిగలలో, వెలుతురు గాలి లేనిచోట, కుటుంబములతో నివసించుచుండిరి. అనేక వీధులకు మురుగు కాలువలు లేవు. 1832వ సంవత్సరమున కలరా వ్యాధి వ్యాపించి అనేకులను పొట్టన పెట్టుకొనెను.

ఇంత పెద్ద పట్టణమును పాలించుచున్న వారెవరు? విన్నచో మీకు వింతగా తోచును. శాసనము దృష్టిలో మాంచెస్టరు అప్పటికిని ఒక భూస్వామి యేలుబడిలోని గ్రామమే. మోస్లీ వంశమువారు 1596వ సంవత్సరమున ఆ గ్రామముపై ప్రభుత్వమును 3,500 పౌనులకు కొనియుండిరి. సంత సుంకములు వారికే చెందుచుండెను. ఏటేట 'కోర్టు లీట్' అను జమీందారీ సభ కూడి, 'బరోరీవ్' అను గ్రామాధికారిని నియమించుచుండెను. ఆ సభలో కూర్చుండు పెద్దలను పట్టణ ప్రజలు ఎన్నుకొనువారు కారు. 1809వ సంవత్సర ప్రాంతమున మోస్లీ దొర తన హక్కులను 90,000 పౌనులకు పట్టణమునకు విక్రయింతునని చెప్పెను. ధర యెక్కువయని తలంచి పౌరులు ఆ బేరమును వదలుకొనిరి. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు.

ఆ సభ యొక్కటే కాదు. 1792వ సంవత్సరపు శాసనము ననుసరించి 'పోలీసు కమిషనర్లు' అను మరియొక వర్గము ఉండెను. ఆ కాలమున పోలీసు అను మాటకు వీధిదీపములు, పారిశుద్ధ్యము, రాత్రి కావలి మొదలగు పనులన్నియు అర్థము. వీరు కొన్ని మంచి పనులును చేసిరి. 1817వ సంవత్సరము నుండి పట్టణమునకు గ్యాసు దీపముల నమర్చినది వారే. కాని వారి యధికారము ఊరి హద్దులోనే ఆగిపోవుచుండెను. మాంచెస్టరును ఆనుకొనియున్న హ్యూమ్, ఆర్డ్‌విక్ మొదలగు ఊళ్లకు వేరువేరు పాలకులుండిరి. వీరందరికిని పైన, నేరములను విచారించుటకు జిల్లా న్యాయాధికారులుండిరి. ఒకే వీధిలో ఒకరు దీపము పెట్టుదురు, ఒకరు పన్ను వసూలు చేయుదురు, వేరొకరు దొంగను పట్టుదురు. ఊరంతటికిని జవాబు చెప్పువాడొక్కడును లేడు.

ఇట్టి పాలనవలన కలుగు కీడు 1819వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీన లోకమునకు వెల్లడియైనది. పార్లమెంటులో తమకు ప్రాతినిధ్యము కావలెనని కోరుచు సుమారు అరువదివేల జనులు సెయింటు పీటర్సు మైదానమున సమావేశమైరి. న్యాయాధికారుల యాజ్ఞపై గుఱ్ఱపు దళములు ఆ గుంపుపై బడెను. పదిమందికి పైగా మరణించిరి; వందలమంది గాయపడిరి. ఆజ్ఞ యిచ్చినవారిని పదవినుండి తొలగించు అధికారము పట్టణ ప్రజల చేతిలో లేకుండెను. 1832వ సంవత్సరమున మాంచెస్టరుకు పార్లమెంటులో రెండు స్థానములు లభించినవి. లండనుకు ఇద్దరు సభ్యులను పంపగల పట్టణము తన వీధిని తాను బాగుచేసికొనజాలకుండెను.

1835వ సంవత్సరమున పార్లమెంటు పురపాలక సంఘముల శాసనమును చేసెను. అంతవరకు అనేక పురములలో పాత సభ్యులే కొత్త సభ్యులను చేర్చుకొనుచు, అధికారమును తమలో తాము పంచుకొనుచుండిరి. ఈ శాసనము 178 పురములలో ఆ పద్ధతిని తొలగించి, పన్ను చెల్లించువారు సభ్యులను ఎన్నుకొను పద్ధతిని ప్రవేశపెట్టెను. సంఘము లేని పట్టణములు కోరుకొన్నచో, రాజసన్నదు పొంది 'బరో' అనగా స్వపరిపాలనము గల పురముగా ఏర్పడవచ్చునని కూడ అది చెప్పెను. సన్నదు దానంతట రాదు. పౌరులు అర్జీ పెట్టుకొనవలెను.

ఆ పనికి పూనుకొన్నవారిలో రిచర్డు కాబ్డెన్ ముఖ్యుడు. ఆయన అద్దకపు బట్టల వర్తకుడు. 1837వ సంవత్సరమున ఆయనను కోర్టు లీట్ సభకు పిలిచిరి. అంతటి పట్టణము పాత జమీందారీ సభ చేతిలో నుండుట ఎంత అసంగతమో ఆయన కన్నులార చూచెను. వెంటనే 'మీ పురమునకు సంఘము నేర్పరచుకొనుడు' అని పౌరులను హెచ్చరించుచు ఒక చిన్న పుస్తకమును వ్రాసి ప్రకటించెను. ఊరిలో సభలు జరిగెను. అర్జీపై వేలకొలది చేవ్రాళ్లు సేకరింపబడెను.

ఎదిరించినవారును తక్కువవారు కారు. పాత పదవులలోనివారు, వారి పక్షమైన టోరీలు అందులో ముందుండిరి. ఆశ్చర్యమేమనగా, కార్మిక నాయకులలో పలువురు వారితో చేయి కలిపిరి. కొత్త సంఘము వచ్చినచో పన్నులు పెరుగునని, సంఘము నియమించు కొత్త పోలీసులు తమనే అణచివేయుదురని వారి భయము. ఆ భయము నిరాధారమని చెప్పలేము. పెద్దలు తమను సంప్రదింపక చేయు సంస్కరణమును పేదలు శంకించుట సహజము. వద్దని కోరిన అర్జీలో చేవ్రాళ్లు ఎక్కువగా కనబడెను. ప్రభుత్వము విచారణాధికారులను పంపి పరిశీలింపజేయగా వానిలో పెక్కు చెల్లనివని తేలెను. తుదకు 1838వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీన విక్టోరియా రాణి పేర సన్నదు వెలువడెను. మాంచెస్టరును దాని చుట్టునున్న ఊళ్లును కలిసి ఒకే పురమైనవి.

పురమును 15 వార్డులుగా విభజించిరి. ఓటర్లు 48 మంది కౌన్సిలర్లను ఎన్నుకొనవలెను. కౌన్సిలర్లు 16 మంది ఆల్డర్‌మన్లను ఎన్నుకొనవలెను. అందరును కలిసి ఒక సంవత్సరమునకు మేయరును ఎన్నుకొనవలెను. కౌన్సిలరు పదవి మూడేండ్లు. ఏటేట మూడవవంతు మంది దిగిపోవుచు, వారి స్థానములకు ఎన్నిక జరుగవలెను. అందుచేత సభ ఒక్కసారిగా మారిపోదు. ప్రజల మాట ఏటేట వినక తప్పదు.

ఓటు ఎవరికుండెను? ఇంటికో, దుకాణమునకో పన్ను చెల్లించుచు, రెండేండ్లకు మించి పురములో స్థిరముగా నున్న పురుషులకు మాత్రమే. స్త్రీలకు లేదు. పన్ను పట్టికకు ఎక్కని నేలమాళిగలోని పేదకు లేదు. ఓటు రహస్యము కాదు; తాను కోరినవారి పేర్లు గల కాగితముపై ఓటరు తన చేవ్రాలు చేసి అధికారికి ఈయవలెను. యజమాని యెవరికిమ్మన్నాడో, పనివాడు ఎవరికిచ్చినాడో తెలిసిపోవును. మురికినీటివలన ఎవరు ఎక్కువగా బాధపడుచుండిరో వారికే మాట్లాడు అవకాశము తక్కువగా నుండెను.

ఎన్నికదినము వచ్చినది. ఈ సన్నదు చెల్లదని, చెల్లని సన్నదు ప్రకారము జరుగు ఎన్నికలో తాము పాల్గొనమని టోరీలు నిశ్చయించుకొనిరి. వారు అభ్యర్థులను నిలుపలేదు. కావున 48 స్థానములును సంస్కరణ పక్షమువారికే దక్కెను. మరునాడు సభ కూడి థామస్ పాటర్ అను వర్తకుని తొలి మేయరుగా నెన్నుకొనెను. కాబ్డెన్ ఆల్డర్‌మన్ అయ్యెను.

పూర్తి విజయమే కదా యని మీరనుకొనవచ్చును. ఆ విజయములోనే బలహీనత యుండెను. ఎదుటివాడు బరిలోనికి దిగని కుస్తీలో గెలిచినవాని బలమును ఎవరు నమ్ముదురు? పోలీసు కమిషనర్లు పట్టణ మందిరమును కొత్త సభకు అప్పగింపలేదు. తమ కావలివారిని తొలగింపలేదు. సభ తన పోలీసులను నియమించెను. ఊరిలో రెండు పోలీసు బలగములు ఏర్పడినవి! ఆకస్మిక మరణములను విచారించుటకు సంఘము ఒక అధికారిని నియమింపగా, ఆ పని తనదేయని జిల్లా అధికారి వాదించెను. తగవు న్యాయస్థానమున కెక్కెను. పన్ను సొమ్మును చెల్లించుటకు పాత అధికారులు నిరాకరించిరి.

ఆ దినములలో దేశమంతట కార్మికుల ఆందోళనము చెలరేగుచుండెను. శాంతిభద్రతలకు భంగము కలుగునని ప్రభుత్వము 1839వ సంవత్సరమున మాంచెస్టరు పోలీసు అధికారమును సర్ చార్లెస్ షా అను తన యుద్యోగికి అప్పగించెను. సభవారును పాతవారును కలహించుచుండగా, పోలీసు అధికారము ఇరువురి చేతినుండియు జారిపోయెను. పట్టణమునకు జవాబుదారి కాని యధికారి మరల వచ్చెను. ఏ కీడును తొలగించుకొనుటకు పౌరులు సంఘమును కోరిరో, ఆ కీడే కొంతకాలము తిరిగివచ్చినది.

1842వ సంవత్సరమున పార్లమెంటు ఈ సన్నదును స్థిరపరచుచు శాసనము చేయగా వివాదము తీరెను. పోలీసులు మరల సంఘము క్రిందికి వచ్చిరి. మరుసటి యేడు పోలీసు కమిషనర్ల అధికారములు సంఘమునకు సంక్రమించెను. అటుపిమ్మట పనులు వరుసగా సాగినవి. 1844లో కొత్త ఇండ్లకు మరుగుదొడ్డి యుండి తీరవలెనని నిర్బంధించు శాసనము వచ్చెను. 1846లో పౌరుల చందాలతో కొన్న ఉద్యానములు తెరువబడి సంఘము పోషణలోనికి వచ్చెను. 1848లో లాంగ్‌డెండేల్ లోయలో చెరువులు కట్టి కొండనీటిని ఊరికి తెచ్చు పని ప్రారంభమయ్యెను. 1852లో ఎవరైనను రుసుము లేక చదువుకొనదగిన గ్రంథాలయము వెలసెను. మోస్లీవారి హక్కులను సంఘము 1846లో కొనెను. వెల యెంత? 2,00,000 పౌనులు! 90,000 ఎక్కువయని వదలుకొన్న బేరము, ఒక తరము గడచునప్పటికి రెండింతలకు పైగా పెరిగినది.

లోపములు సవరించుటకు చాల కాలము పట్టెను. పన్ను చెల్లించు స్త్రీలకు పురసభలలో ఓటు 1869లోను, రహస్యముగా ఓటు వేయు పద్ధతి 1872లోను వచ్చినవి. వార్డు, కౌన్సిలరు, మేయరు అను మాటలు ఇంగ్లీషువారి పాలనలో మన దేశమునకు వచ్చి, మన భాషలో కలిసిపోయినవి. మన రాజ్యాంగమునకు జరిగిన 74వ సవరణము 1993వ సంవత్సరమున అమలులోనికి వచ్చి, పురపాలక సంఘములకు అయిదేండ్ల కొకసారి ఎన్నికలు జరుపవలెనని, స్త్రీలకు మూడవవంతుకు తక్కువ కాకుండ స్థానములు కేటాయింపవలెనని విధించెను. పదునెనిమిదేండ్లు నిండిన పౌరుడు పన్ను కట్టినను కట్టకున్నను ఓటరే. నేలమాళిగలోని కార్మికునకు 1838లో లేని హక్కు ఇది.

విద్యార్థులారా! మాంచెస్టరు చరిత్ర మనకు రెండు విషయములను తెలుపుచున్నది. ఎన్నికకు దూరముగా నిలిచినవారు సభను ఆపలేకపోయిరి; లోపలనుండి ప్రశ్నించు అవకాశమును మాత్రము పోగొట్టుకొనిరి. అందరిని కలుపుకొనక గెలిచినవారు పదవిని పొందిరి గాని, ఆ పదవికి తగిన అధికారము వారికి నాలుగేండ్లవరకు చేతికందలేదు. ఓట్ల లెక్కింపు ముగియగానే ఎన్నిక పని ముగిసినట్లు కాదు. ఓడినవారు ఆ ఫలితమును అంగీకరించి, గెలిచినవారు ఓడినవారి వీధికి కూడ నీరు తెచ్చిననాడే అది సఫలమగును.