సెరెంగెటి జాతీయ వనం

సెరెంగెటి జాతీయ వనం తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా దేశపు ఉత్తర భాగంలో ఉన్న వన్యప్రాణి సంరక్షణ ప్రాంతము. దీని విస్తీర్ణం 14,763 చదరపు కిలోమీటర్లు. ఇది 1951లో జాతీయ వనముగా ఏర్పడింది. 1981లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. అంతులేని మైదానం అనే అర్థమిచ్చే మాసాయి పదం నుండి ఈ పేరు వచ్చింది. ఇక్కడ పశువులు మేపుకొనే మాసాయి ప్రజలను 1959లో పొరుగున ఉన్న ఎన్‌గోరోంగోరో ప్రాంతానికి తరలించారు.

వలస

ఎద్దు వంటి తల, గుర్రపు తోక గల వైల్డెబీస్ట్ ఈ వనంలో ప్రధాన జంతువు. ఇవి లక్షల సంఖ్యలో వానలను అనుసరించి ఏటా వలసపోతాయి. జనవరి నుండి మార్చి వరకు దక్షిణ మైదానాలలో ఉండి, ఫిబ్రవరి ప్రాంతంలో ఎక్కువగా ఈనుతాయి. అగ్నిపర్వత బూడిదతో ఏర్పడిన అక్కడి నేలలో పెరిగే పొట్టి గడ్డిలో పాలిచ్చే తల్లులకు కావలసిన ఖనిజ లవణాలు సమృద్ధిగా ఉంటాయి. వానలు వెనుదీయగానే మందలు పశ్చిమానికి, తరువాత ఉత్తరానికి కదులుతాయి. జులై నుండి అక్టోబరు వరకు మారా నదిని దాటుతూ కెన్యాలోని మాసాయి మారా వరకు వెళ్తాయి. నది దాటేటప్పుడు ఏటా వేలాది జంతువులు మునిగి చనిపోతాయి. వాటి కళేబరాలు మొసళ్ళకు, చేపలకు, రాబందులకు ఆహారమవుతాయి.

జీబ్రాలు, గజెల్ జింకలు కూడా ఈ వలసలో పాల్గొంటాయి. జీబ్రాలు ముదురు గడ్డి పైభాగాన్ని, వైల్డెబీస్ట్‌లు దాని కింది ఆకులను, గజెల్‌లు కొత్త చిగుళ్ళను మేస్తాయి. అందువలన ఒకే మైదానంలో మూడింటికీ మేత దొరుకుతుంది.

ఇతర జంతువులు

సింహాలు తరచుగా రాతి గుట్టల మీద, చిరుతపులులు సెరోనెరా నది ఒడ్డు చెట్ల మీద కనిపిస్తాయి. చీతాలు బయలు ప్రదేశాలలో పగటిపూట వేటాడతాయి. దుమ్ములగొండ్లు కళేబరాలనే తింటాయన్న నమ్మకం సరికాదు. అవి గుంపుగా వేటాడగలవు. ఏనుగులు, జిరాఫీలు, నీటిగుర్రాలు, నిప్పుకోళ్ళు కూడా చూడవచ్చు. నల్ల ఖడ్గమృగాలు మాత్రం బహు అరుదు.

పరిరక్షణ

1890 ప్రాంతంలో రిండర్‌పెస్ట్ అనే పశువ్యాధి తూర్పు ఆఫ్రికాలో పశువులను, వన్యమృగాలను తుడిచిపెట్టింది. చుట్టుపక్కల పశువులకు టీకాలు వేసిన పిదప, 1960ల ఆరంభంలో సుమారు 2.5 లక్షలున్న వైల్డెబీస్ట్‌లు 1970ల చివరికి సుమారు 13 లక్షలయ్యాయి. అవి గడ్డిని మేసివేయడంతో కార్చిచ్చులు తగ్గి, చెట్లు పెరిగాయి. ఈ వ్యాధి ప్రపంచమంతటా నిర్మూలమైనట్లు 2011లో ప్రకటించారు.

ఉత్తర సెరెంగెటి మీదుగా రహదారి నిర్మించాలని 2010లో టాంజానియా ప్రభుత్వం ప్రతిపాదించింది. ఇది వలస మార్గానికి అడ్డమవుతుందని అభ్యంతరాలు వచ్చాయి. అక్కడ తారు రోడ్డు వేయరాదని తూర్పు ఆఫ్రికా న్యాయస్థానం 2014లో తీర్పు ఇచ్చింది. మాంసం కోసం ఉచ్చులు పన్నే దొంగవేట, మారా నదికి మూలమైన కెన్యాలోని మావు అడవుల నరికివేత ఈ వలసకు ఇతర ముప్పులు. ఎండాకాలంలో మందలకు ఆధారమైన నీరు మారా నదిదే.